తెరిచిన తేదీ

ఆర్వో కెస్టిలా పోయి నెల తిరగకముందే అతని కూతురు కైసా, సరస్సు పరిశోధన కేంద్రానికి ఫోన్ చేసి, రేపు పొద్దున వస్తున్నానని వెర్నా సల్మెలాకు చెప్పింది. తండ్రి వస్తువుల కోసం కాబోలనుకుంది వెర్నా. అవన్నీ అప్పటికే ఒక అట్టపెట్టెలో సర్ది ఉంచింది. రెండు ఉన్ని టోపీలు, పిడి విరిగిన కాఫీ కప్పు, ఏ తలుపుకు సరిపోతాయో ఎవరికీ తెలియని పదిహేను తాళంచెవులు. పెట్టె సిద్ధంగా ఉందమ్మా అని కూడా అంది.

కైసాకు ఆ పెట్టె అక్కర్లేదు. ఆమె ఒక్క ఫైలు గురించి అడిగింది.

తండ్రీకూతుళ్లకు మాటల్లేక నాలుగేళ్లయిన సంగతి కేంద్రంలో అందరికీ తెలుసు. కైసా తల్లి హెల్మి కేన్సర్‌తో మంచాన పడి ఉన్న ఆఖరి వారంలో ఆర్వో రోజూ పొద్దున్నే కంప్యూటర్ల గదికి వచ్చి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు. సరస్సులో మంచు కట్టి నీటిమట్టం కొలిచే పరికరాలు పాడవుతున్నాయని నెపం. హెల్మిని పూడ్చిపెట్టిన రోజున, చర్చి వెనక గదిలో అందరూ ఏలకుల రొట్టె, కాఫీ తీసుకుంటుండగా, "అమ్మ పోతుంటే నువ్వు మిషన్ల దగ్గర కూర్చున్నావు, నువ్వు మనిషివి కాదు" అని కైసా తండ్రి మొహం మీదే అనేసింది. ఆర్వో కప్పు బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని, ఇంటికి వెళ్లిపోయాడు. ఆ మనిషి సంగతి తెలిసిందే, జవాబు చెప్పాల్సిన చోట ఏనాడూ చెప్పి ఎరగడు.

మొన్న అక్టోబరులో కైసా పని చేసే కళ్లజోళ్ల దుకాణానికి ఒక నర్సు వచ్చిందట. ఆఖరి రోజుల్లో హెల్మిని చూసుకున్నది ఆవిడే. మాటల్లో మాటగా అసలు సంగతి చెప్పింది. ఆర్వో పక్కన కూర్చుని తననే చూస్తుంటే హెల్మికి భరించడం కష్టమయ్యేదట. "నువ్వు పనికి వెళ్లు, వెళ్లి సాయంత్రం వచ్చి ఏం చేశావో చెప్పు, నాకు అదే బాగుంటుంది" అని ఆమే పంపేదట. ఆయన గుమ్మం దాటగానే నర్సు చెయ్యి పట్టుకుని ఏడ్చేదట.

ఆ మధ్యాహ్నం కైసా దుకాణం వెనక కారులో కూర్చుని తొమ్మిది నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, తండ్రికి ఈమెయిల్లో పంపింది. అది అక్టోబరు పద్నాలుగు. నవంబరు తొమ్మిదిన ఆర్వో ఇంటి కప్పు మీది తొలిమంచు తోస్తూ గుండె ఆగి పడిపోయాడు. ఈ మధ్యలో ఇరవై ఆరు రోజులు. జవాబు రాలేదు.

"విన్నాడో లేదో తెలిస్తే చాలు," అంది కైసా ఫోన్లో. "ఫైలు ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో మిషన్‌కి తెలుస్తుంది కదా. చిన్నప్పుడు నాన్న చూపించేవాడు. వినలేదని తేలితే వినలేదనే చెప్పండి వెర్నా. నా మీద జాలిపడి ఏదో ఒకటి చెప్పద్దు. నాకు నిజమే కావాలి."

నిజమే చెబుతానని వెర్నా మాట ఇచ్చింది.

ఆర్వో పక్క బల్ల మీద ఇరవై ఆరేళ్లు పని చేసిన మనిషి వెర్నా. ఏడాదికి రెండొందల అంగుళాల మంచు పడే ఆ కీవెనా ద్వీపకల్పం కొసన, మగవాళ్లందరూ జింకల వేటకు సెలవు పెట్టే వారంలో కూడా కేంద్రం కంప్యూటర్లు ఆగకుండా నడిపింది వాళ్లిద్దరే. ఊరందరి ఫైళ్లకూ నకళ్లు తీసి భద్రపరిచే ఆర్వో, తన బల్ల కింద డబ్బాకు, అంటే తన కంప్యూటర్‌కు మాత్రం నకలు తీయనిచ్చేవాడు కాదు. తాను కొట్టిన కమాండ్ల జాబితా కూడా దాన్ని దాచుకోనిచ్చేవాడు కాదు. నా డబ్బా నా ఇష్టం అనేవాడు. దానికి ఈమెయిళ్లు ఐదు నిమిషాలకోసారి వాటంతటవే దిగి, చదివినట్టు గుర్తు కూడా పడిపోయేది, వాటితో వచ్చిన ఫైళ్లన్నీ 'వచ్చినవి' అనే ఒకే ఫోల్డర్‌లో కుప్పపడేవి. కాబట్టి కైసా ఫైలు అక్కడ ఉన్నంతమాత్రాన ఆయన చూసినట్టు కాదు. ఎప్పుడు తెరిచాడో తేదీ చూడాలి.

అలాంటివి చూడడానికి వాళ్లు వాడేది ఫైండ్ అనే కమాండ్. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేస్తే, లక్ష ఫైళ్లలోంచి కావలసినవి ఏరి, ఒక్కోదానికి ఒక్కో వరుసగా వివరాలు చూపిస్తుంది. ఎవరిది, ఎంత పెద్దది, ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు, ఏ తేదీది అన్నీ ఉంటాయి. అయితే ఏయే వివరాలు కావాలో మనం చెప్పాలి. అడగని వివరం అది చూపించదు.

ఫోన్ పెట్టేసి వెర్నా ఆర్వో బల్ల ముందు కూర్చుంది. అడిగింది రెండే వివరాలు, తెరిచిన తేదీ, ఫైలు పేరు. కైసా ఫైలు వరుస వచ్చింది. నవంబరు ఇరవై.

ఆర్వోను పూడ్చిపెట్టిన తరవాత వారం అది.

మొదట ఏదో పొరపాటనుకుంది. ఫోల్డర్ మొత్తానికి అడిగింది. వందల వరుసలు తెర మీద కిందకు జారాయి, ప్రతిదానికీ నవంబరు ఇరవయ్యే. అప్పుడు గుర్తొచ్చింది. 

నవంబరు ఇరవైన డైరెక్టర్ పరుగున వచ్చాడు. రేవు దగ్గరి కొలత పరికరం తప్పు చూపిస్తోంది, దాన్ని సరిచేసే అంకె ఆర్వోకు తప్ప ఎవరికీ తెలియదు, పడవలవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఎక్కడో రాసి పెట్టే ఉంటాడని వెర్నా ఆయన డబ్బాలోని ప్రతి ఫైలునూ తెరిచి, లోపలి అక్షరాల్లో పరికరం పేరు వెతికే కమాండ్ ఒకటి నడిపింది. పన్నెండు నిమిషాల్లో అంకె దొరికింది. డైరెక్టర్ మెచ్చుకున్నాడు. ఆ పూట వెర్నా క్యాంటీన్లో మాంసం కూరిన పేస్టీ తెప్పించుకుని తృప్తిగా తింది కూడా.

ప్రతి ఫైలునూ తెరిచింది. అంటే ప్రతి ఫైలు మీదా ఆర్వో తెరిచిన తేదీ చెరిగిపోయి ఆమె తెరిచిన తేదీ పడింది. ముందు తేదీలు ఒక కాగితం మీద దించుకుని, ఆ తరవాత లోపల వెతకాలని కొత్తగా చేరినవాళ్లకు వెర్నానే చెబుతుంది. కంగారులో తనే మరిచిపోయింది. కమాండ్ చెప్పిన పని చెప్పినట్టు చేసింది. తప్పంతా వెర్నాది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. నాకు తెలియదు కైసా, తెలిసే దారి ఉండేది, దాన్ని నేనే చెరిపేశాను అని చెప్పాలి. ఆ వాక్యం మంచం మీద పడుకుని పదిసార్లు అనుకుంది. చెప్పాక ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో కూడా అనుకుంది. బతికినన్నాళ్లూ విన్నాడా, వినలేదా అని కొట్టుకుంటుంది. ముప్పై నాలుగేళ్ల మనిషికి ఇంకో యాభై ఏళ్లు ఆ కొట్టుకోవడమేనా? విని ఉంటాడు. కూతురి పేరు చూస్తే వినకుండా ఉండగలడా? విన్నాడనే వెర్నా గట్టిగా నమ్మింది. నమ్మినదాన్ని తేదీగా రాస్తే పాపమేముంది?

పొద్దున్న తొమ్మిదింటికి ఆర్వో బల్ల దగ్గర కూర్చుని, ఆ ఫైలు తెరిచిన తేదీని చేత్తో మార్చింది. అందరి ఫైళ్ల మీదా అధికారం ఉన్న మనిషి, ఆమెకు అడ్డేముంది. అక్టోబరు పదిహేడు అని పెట్టింది. పొద్దున్న ఏడూ నలభై రెండు, పంతొమ్మిది సెకన్లు. ఎవరూ రాకముందే ఆర్వో కాఫీతో కూర్చునే వేళ అది. గుండ్రటి అంకె వేస్తే కట్టుకథలా ఉంటుందని సెకన్లు కూడా ఆలోచించి వేసింది. ఇరవై ఆరేళ్లలో కంప్యూటర్ చేత ఒక్క అబద్ధం చెప్పించని మనిషి, మొదటిసారే ఎంత పొందికగా చెప్పించిందో చూడండి. అందులో సగం కైసా మీద జాలి. మిగతా సగం, తన తప్పు బయటపడకూడదని. ఏది ఎక్కువో ఆమె తూకం వేసుకోలేదు, వేసుకుంటే తేలిపోతుందని తెలుసు కనక.

ప్రతి ఫైలుకూ మూడు తేదీలుంటాయి. రాసిన తేదీ, తెరిచిన తేదీ, ఇక మూడోది ఫైలు పైవివరాల్లో, అంటే ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు, ఏ తేదీది లాంటివాటిలో, ఏది మార్చినా పడే తేదీ. మొదటి రెండూ చేత్తో మార్చచ్చు. మూడోదాన్ని మార్చే కమాండ్ లేదు, ఊరికే తెరిస్తే అది మారదు కూడా. ఇవాళ ఎవరైనా ఆ ఫైలు వివరాలు ముట్టుకుంటే ఇవాళ్టి తేదీ పడుతుంది, అంతే. ఆ సంగతి వెర్నాకు బాగా తెలుసు. కానీ అడిగితే తప్ప అది తెర మీదకు రాదు, కళ్లజోళ్లు అమ్ముకునే పిల్ల దాన్ని అడుగుతుందా అనుకుంది.

పదింటికి కైసా వచ్చింది. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, కోటు విప్పకుండానే తండ్రి కుర్చీలో కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. నాలుగు గంటలు మంచులో కారు నడిపినా ఎక్కడా ఆగలేదంది. వెర్నా కాఫీ పోసి ఇచ్చింది. అది ఆ పిల్ల చేతిలో చల్లారిపోయింది కానీ తాగలేదు.

"చూశారా?" అంది కైసా.

"నువ్వే చూడు," అంది వెర్నా. చూశానని నోటితో చెప్పడం కన్నా అదే తేలికనిపించింది. ముందే టైపు చేసి ఉంచిన వరుస మీద మీట నొక్కింది. తెరిచిన తేదీ, ఫైలు పేరు తెర మీదకు వచ్చాయి.

కైసా ఆ వరుసను పెదాలు కదిలిస్తూ చదివింది. అక్టోబరు పదిహేడు. ఏడూ నలభై రెండు. తరవాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. భారం దిగినవాళ్ల ఏడుపు అది, వెర్నా గుర్తుపట్టింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. నేను చేసింది మంచి పనే, వందసార్లు మంచి పనే అనుకుంది. ఆ రెండు నిమిషాలు వెర్నా నిజంగానే సుఖపడింది.

"పంపిన మూడు రోజులకే విన్నాడన్నమాట," అంది కైసా ముక్కు తుడుచుకుంటూ. "పొద్దున్నే, ఒక్కడూ ఉన్నప్పుడు."

"అవును మరి. మీ నాన్న ఏ పనైనా ఆ వేళే కదా చేసేది."

"నాకు ఇది కాగితం మీద కావాలి వెర్నా. మొత్తం వరుస కావాలి, నాన్న చిన్నప్పుడు నాకు చూపించే పొడుగు వరుస. ఫైలు గురించి అన్నీ ఉంటాయే, అది."

కాదనడానికి వెర్నాకు కారణం కనబడలేదు. ఆ పొడుగు వరుసలో మామూలుగా కనబడేది రాసిన తేదీ ఒక్కటే, మూడోది రాదు. టైపు చేసింది. ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అనే గుర్తులతో మొదలుపెట్టి వరుస తెర మీదకు వచ్చింది.

కైసా చూపు ఆ గుర్తుల దగ్గరే ఆగిపోయింది.

"దీనికి తాళం ఉంది," అంది.

వెర్నా కూడా అప్పుడే చూసింది. చదవడానికి గుర్తు ఉంది. రాయడానికి ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది. ఇంకెవరూ, ఆర్వో కూడా, ఆ ఫైలులో ఒక్క చుక్క మార్చడానికి వీల్లేకుండా రాసే వీలు తీసేసి ఉంది. నిన్నటి నుంచి ఆమె అడిగింది తేదీ, పేరూ మాత్రమే. ఈ గుర్తులు అడగలేదు, చూడలేదు.

"మిగతావి చూపించండి, ఆ ఫోల్డర్‌లోవి," అంది కైసా.  వెర్నా చూపించింది. వందల ఫైళ్లు. దేనికీ తాళం లేదు. ఒక్క దీనికే ఉంది.

కైసా కళ్లనీళ్లతోనే నవ్వింది. "నాకు ఏడేళ్లప్పుడు ఎలుగుబంటి కథ ఒకటి నాన్న కంప్యూటర్లో రాశాను. చదివి, దానికి తాళం వేసేశాడు. ఎందుకంటే, ఇది పోకూడదు, నా చెయ్యి జారినా పోకూడదు అన్నాడు. అమ్మ రాసిన ఉత్తరాలకు కూడా అంతే. చదవకుండా ఎప్పుడూ తాళం వెయ్యడు వెర్నా. చదివి, దాచుకోవాలనుకున్న వాటికే వేస్తాడు." కుర్చీ ముందుకు జరుపుకుంది. "తాళం ఏ రోజు వేశాడో కూడా తెలుస్తుంది. మూడో తేదీ ఉంటుంది కదా, పైవివరాలు మార్చిన తేదీ. అది అబద్ధమాడదు అనేవాడు నాన్న. నేను అడగనా?"

 వెర్నా ఏమని వద్దంటుంది? అంతలోనే కైసా వేళ్లు మీటల మీద పడ్డాయి. ఏడేళ్ల వయసులో నేర్చుకున్నది, ఒక్క అక్షరం తడబడలేదు.

ఇవాళ్టి తేదీ వచ్చింది. తొమ్మిదీ పన్నెండు.

కైసా గోడ గడియారం వంక చూసింది. పదీ ఇరవై. మళ్లీ తెర వంక చూసింది. ఇటు తిరగకుండానే అడిగింది.

"ఇవాళ పొద్దున ఏం చేశారు?"

వెర్నా అంతా చెప్పేసింది. నవంబరు ఇరవై, రేవు పరికరం, పన్నెండు నిమిషాలు, చెరిగిపోయిన తేదీలు, తను వేసిన అక్టోబరు పదిహేడు, పంతొమ్మిది సెకన్లు. ఏదీ దాచలేదు.  

"తెలియదు అని చెప్పుంటే సరిపోయేది," అంది కైసా చివరికి, నెమ్మదిగా. "తెలియదనే చెప్పి ఈ వరుస చూపించుంటే, తాళం చూసుకుని నేను ఇంటికి వెళ్లిపోయేదాన్ని. మూడో తేదీ నాన్న తాళం వేసిన రోజుదే ఉండేది."

"తాళం నేను వెయ్యలేదు కైసా. నువ్వు చెప్పేదాకా అది ఉన్నట్టే నాకు తెలియదు. నేను మార్చింది ఒక్క తేదీనే."

"ఆ తేదీ మార్చిన సంగతి కూడా నేను అడక్కుండా ఉంటే మీరు చెప్పేవారా?"

వెర్నా చల్లారిన కాఫీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"తాళం మీరే ఇవాళ వేసి ఉన్నా ఇవాళ్టి తేదీయే పడుతుంది, మీరు చేసిన పనికీ ఇవాళ్టి తేదీయే పడుతుంది. ఏది ఎప్పుడు జరిగిందో ఇంక ఈ డబ్బా చెప్పదు. మీ మాట ఒక్కటే మిగిలింది." కైసా లేచి కోటు బొత్తాలు పెట్టుకోబోయింది. విప్పనే లేదని అప్పుడు గమనించినట్టు తన చేతులవంక చూసుకుంది. "మీరు వెయ్యలేదనే అనుకోవాలని ఉంది వెర్నా. కారులో వెళ్తూ అనుకోవడానికి చూస్తాను. కానీ ఒప్పుకుంటూనే ఇంకొంచెం జాలిపడుతున్నారేమో, నాకెలా తెలుస్తుంది?"

అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది వెర్నాకు. అట్టపెట్టె తీసుకువెళ్లమంది, ఏం చెప్పాలో తెలియక. కైసా తీసుకుంది. కారు దాకా మోసుకొస్తానంటే వద్దంది. మంచులో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వెళ్లి, పెట్టెను ముందు సీట్లో పెట్టి, చాలాసేపు కారు కదిలించకుండా లోపలే కూర్చుంది. కిటికీలోంచి చూస్తున్న వెర్నా, వెనక్కి వస్తుందేమోనని గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. కారు వెనక్కి తిరిగి, రోడ్డెక్కి, రేవు మలుపు దగ్గర కనబడకుండా పోయింది.

వెర్నా వచ్చి ఆర్వో కుర్చీలో కూర్చుంది. తెర మీద ఆ వరుస అలాగే ఉంది. ఏమీ టైపు చెయ్యడానికి ధైర్యం చాలలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ తాళం తను వెయ్యలేదు. ఈ గదికి తాళంచెవి ఉన్న మనిషి ఇంకొకరు లేరు, ఆ ఫైలు సంగతి ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ఆ ఇరవై ఆరు రోజుల్లోనే ఏదో ఒక పొద్దున ఆర్వో ఈ కుర్చీలోనే కూర్చుని, తొమ్మిది నిమిషాలూ విని, ఇది పోకూడదని తన చేత్తో తాళం వేశాడు. కూతురికి జవాబు ఎలా మొదలుపెట్టాలో తెలియక రోజులు దొర్లించి ఉంటాడు, వెర్రిమనిషి. కానీ విన్నాడు. లోకంలో ఆ సంగతి ఖాయంగా తెలిసింది వెర్నా ఒక్కతెకే, ఆమె చెబితే కైసా నమ్మదు.